అమ్మ నీళ్లు మానేసి విమానం ఎక్కకుండా

సందేహం: మాది ప్రొద్దుటూరు. డాలస్‌కు వచ్చి ఏడాదయింది. నా పురుటికి అమ్మ రావాలి. దగ్గినా, గబుక్కున లేచినా ఆమెకు ఒంటేలు ఆగదు. డైపర్లు విమానంలోకి రానిస్తారో లేదో, తనిఖీలో అందరి ముందూ విప్పమంటారేమో అని భయపడి టికెట్టే వద్దంటోంది. ఏం చేయాలక్కా?

జవాబు: చెల్లీ, డైపర్లు, ప్యాడ్లు చేతిసంచిలోనైనా, పెద్ద పెట్టెలోనైనా పెట్టుకోవచ్చు. ఎవరూ ఆపరు. ఈ మాట ఈ రాత్రికే ఆమెకు చెప్పు.

నాకు సంచి కంటే నీళ్ల గురించే ఎక్కువ దిగులు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు తాడిపత్రిలో కారెక్కక ముందే నీళ్లు మానేసింది. బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయానికి నాలుగైదు గంటలు, అక్కడ కూర్చోవడం మూడు నాలుగు గంటలు, దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మళ్లీ ఎదురుచూపు, ఆ తర్వాత పదహారు గంటలు. ఇంతసేపూ గొంతు తడుపుకోవడమే తప్ప గ్లాసెడు నీళ్లు తాగలేదు. వచ్చిన మూడోనాడు చలిజ్వరం, ఒంటేలుకు పోతే మంట. ఇన్‌ఫెక్షన్ అన్నారు డాక్టరు. ఎందుకు తాగలేదమ్మా అంటే, ‘సీటు తడిస్తే నీ పరువేమయితుందమ్మీ’ అంది. టికెట్టు కొన్నాను, వీల్‌చెయిర్ చెప్పాను, ఈ ఒక్క సంగతి మాత్రం ఆమెను అడగలేదు. ఆ తప్పు నాదే.

నీళ్లు తగ్గిస్తే ఒంటేలు ఆగదు. చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, తొందర ఎక్కువవుతుంది. మలబద్ధకం తోడైతే ఆ ఒత్తిడీ దాని మీదే పడుతుంది. విమానంలో గాలి అసలే పొడిగా ఉంటుంది. అందుకని కొంచెం కొంచెంగా తాగుతూనే ఉండాలి, తగ్గిస్తే కాఫీ, టీలు తగ్గించాలి. బీపీకి నీళ్ల మాత్ర (ఒంటేలు ఎక్కువ పోయేలా చేసేది) వాడుతుంటే ప్రయాణం రోజు ఏ వేళకు వేసుకోవాలో ఆమె డాక్టరునే అడగండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఎలాగూ వెళ్తారు కాబట్టి ఒంటేలు పరీక్ష కూడా చేయించండి. కాన్పులతో వదులైన కండరాలకు వ్యాయామాలున్నాయి, మందులున్నాయి. వయసు మీద పడితే ఇంతేలే అని మనవాళ్లు ఏళ్ల తరబడి ఓర్చుకుంటారు.

ఇక డైపర్ల లెక్క. ఇల్లు విడిచింది మొదలు నీ గడప తొక్కేదాకా గంటలు లెక్కేసి నాలుగుతో భాగించు. 32 గంటలైతే 8. ఆలస్యాలకు దాంట్లో సగం కలుపు, 12. ఇవన్నీ చేతిసంచిలోనే ఉండాలి. పెట్టె దారి తప్పినా ఇబ్బంది రాకూడదు. నడవగలిగిన మనిషికి టేపు అంటించేవి వద్దు, చెడ్డీలా తొడుక్కునేవి కొనండి. వాటిని పక్క కుట్టు దగ్గర చించి తీసేయవచ్చు, ఇరుకు గదిలో అదే పెద్ద సాయం. ఒక్కో పొట్లంలో ఒక డైపరు, నాలుగు తడి వైప్స్, ఒక నల్ల కవరు పెట్టి కట్టిస్తే, సంచంతా మోయకుండా ఆ పొట్లం ఒక్కటీ పట్టుకుని పోతుంది. వాడింది కవర్లో ముడివేసి చెత్తబుట్టలో వేయాలి, కమోడ్‌లో ఎప్పుడూ వేయకూడదు. చీరకుచ్చిళ్లు తడి నేల మీద పడతాయి, ముదురు రంగు వదులు చుడీదార్ నయం. ఒప్పుకోకపోతే బలవంతం చేయకు, మార్చుకోవడం మాత్రం ఇంట్లో రెండు మూడుసార్లు అలవాటు చేసుకోమను.

వైప్స్‌కు అడ్డులేదు. ఒరుపుకు రాసే క్రీము 100 మిల్లీలీటర్ల లోపు ట్యూబే తేవాలి. పౌడరు చిన్న డబ్బా చాలు. అమెరికాకు వచ్చే విమానాల్లో 350 మిల్లీలీటర్లు దాటిన పౌడరు చేతిసంచిలో ఉంటే విడిగా తనిఖీ చేస్తారు.

సీటు నడవ పక్కన, బాత్రూంకు దగ్గరగా తీసుకో. భోజనం బండి కదలకముందే ఒకసారి, దిగడానికి ముప్పావుగంట ముందు ఇంకోసారి లేవాలి. బెల్టు దీపం వెలిగాక లేవనివ్వరు. వీల్‌చెయిర్ 48 గంటల ముందే చెప్పిపెట్టు. అయితే తోసేవాళ్లు నేరుగా గేటు దగ్గర దించేసి పోతారు, ‘ముందు టాయిలెట్’ అని ఆమే అడగాలి. ఆ రెండు మాటలూ నేర్పించు.

బెంగళూరులో ఆడవాళ్లను ఆడ సిబ్బందే తెర చాటున తడిమి చూస్తారు. అమెరికాలో దిగాక ఇంకో విమానం మారాల్సి వస్తేనే ఇక్కడి స్కానరు. డైపరు మందంగా కనబడితే ఆడ అధికారి చేత్తో తడిమి చూడవచ్చు. వేరే గదిలో చూడమని అడిగే హక్కు ఉంది, తోడుగా ఒకరిని ఉంచుకోవచ్చు. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ చేసే సంస్థ టీఎస్‌ఏ. దాని సహాయ విభాగం టీఎస్‌ఏ కేర్స్‌కు 72 గంటల ముందు ఫోన్ చేస్తే మనిషిని సాయం పెడతారు. వైద్య కారణంతో ప్యాడు వేసుకున్నానని, చాటుగా చూడమని ఇంగ్లీషులో ఒక కాగితం రాసి ఆమె పర్సులో పెట్టించు. వీలైతే అమెరికాలో విమానం మారకుండా నేరుగా డాలస్‌లోనే దిగే టికెట్టే కొను.

ఇక్కడ ఏ ఫార్మసీలోనైనా ఇవి దొరుకుతాయి, నెలల సరుకు మోయించకు. నడుము, తుంటి కొలతలు అంగుళాల్లో తీసుకుని, ఆమె వచ్చేసరికి ఒక ప్యాకెట్టు బాత్రూంలో పెట్టు. కొలతలు అడిగేటప్పుడు ఫోను స్పీకర్లో లేకుండా చూడు, మీ నాయన, మీ అన్న పక్కనుంటే ఆమె నోరు విప్పదు.