ట్యాంకుల వార్‌గేమ్‌లో సొంత రూల్స్ ఎంతవరకు పెట్టుకోవచ్చు?

బల్ల మీద బొమ్మ ట్యాంకులతో ఆడే ఈ యుద్ధపు ఆటలో సొంత రూల్స్ పెట్టుకోవచ్చు. అయితే బొమ్మలు బల్ల మీద పెట్టకముందే ఇద్దరూ ఒప్పుకుని కాగితం మీద రాసుకోవాలి.

చాలామంది ముందుగా మార్చాలనుకునేది ఫిరంగి రేంజ్. అది మాత్రం ముట్టుకోవద్దు. 'ఫ్లేమ్స్ ఆఫ్ వార్' అనే వార్‌గేమ్ బొమ్మలు 1:100 స్కేలువి, అంటే అసలు ట్యాంకులో వందో వంతు. ఆ లెక్కన ఆరడుగుల బల్ల అంటే దాదాపు 180 మీటర్లే. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ టైగర్ ట్యాంకు 88 మి.మీ. ఫిరంగి కిలోమీటరు అవతల ఉన్న అమెరికన్ షెర్మన్ ట్యాంకును కూడా ఛేదించగలిగేది. నిజం యుద్ధంలా ఉండాలని రేంజ్ పెంచితే టైగర్ నిలుచున్న చోటి నుంచే బల్లంతా కొడుతుంది. ఇక చెట్లచాటున నక్కి, చుట్టూ తిరిగి రావడంలో ఉన్న మజా అంతా పోతుంది.

సొంత రూల్‌కు అసలైన చోటు పక్క కవచం. జర్మన్ పాంథర్ ట్యాంకు ముందు పలక 80 మి.మీ., అదీ బాగా ఏటవాలుగా ఉంటుంది. పక్కన 40 నుంచి 50 మి.మీ. మాత్రమే. కాబట్టి గుండు ముందు తగిలిందా, పక్కన తగిలిందా అన్నదే గెలుపోటములు తేలుస్తుంది, గొడవలూ అక్కడే వస్తాయి. నాకు నచ్చిన పద్ధతి ఇది: గుండు తగిలిన ట్యాంకు మూలల మీదుగా ఐమూలగా రెండు దారాలు పట్టండి. కాల్చే ట్యాంకు వాటి ముందు భాగంలో ఉంటే ముందు కవచం, పక్క భాగంలో ఉంటే పక్క కవచం. సరిగ్గా దారం మీదే ఉంటే పాచిక వేయండి: 4, ఆపైన పడితే పక్క కవచమే. ఆట ఆపి వాదించుకోవద్దు, రూల్‌ను తర్వాత సరిచేసుకోవచ్చు.