గుండె దడ ముందా, భయం ముందా?

సెమినార్‌లో పేరు పిలవగానే గుండె దడ మొదలవుతోందనీ, "టెన్షన్ పడకు" అని ఎంత చెప్పుకున్నా తగ్గట్లేదనీ రాశారు. దడ వల్లే భయం వస్తోందేమో అన్న మీ అనుమానం చాలా మంచిది. 1884లో అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ అదే అన్నాడు: ఒంట్లో మార్పు ముందు వస్తుంది, దాన్ని మనం గమనించడమే భయం. 1927లో శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ దీన్ని ఒప్పుకోలేదు. కోపంలో, భయంలో, చివరికి జ్వరంలో కూడా గుండె వేగం పెరుగుతుంది, మరి తేడా ఎలా తెలుస్తుందని ఆయన ప్రశ్న.

1962లో షాక్టర్, సింగర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీనికి జవాబు చెప్పారు: దడ ఒకటే, దానికి మనం పెట్టుకునే పేరును బట్టి అది భయమో సంతోషమో అవుతుంది. వాళ్ల ప్రయోగాన్ని తర్వాత ఇతరులు చేస్తే అవే ఫలితాలు రాలేదు కాబట్టి నేను దాన్ని పూర్తిగా నమ్మను. కానీ పేరు మార్చడం పనిచేస్తుంది. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగాల్లో, "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని పైకి అన్నవాళ్ల కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్లే బాగా మాట్లాడారు.

కాబట్టి దడను అణచాలని చూడకండి. లేచే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని మెల్లగా పైకి అనండి. ఊరికే కూర్చున్నప్పుడు కూడా దడ వస్తుంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.