పాత బొగ్గు వయసు కట్టే చదువు

ప్రశ్న: మాది రణస్థలం మండలం. మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. కాలేజీవాళ్లు మా జిల్లాలోని పాత బౌద్ధ క్షేత్రం శాలిహుండం తీసుకెళ్లిన దగ్గర్నుంచి కార్బన్ డేటింగ్ చదువుతానని పట్టుబట్టింది. రేడియోధార్మికత అంటే ఒంటికి ముప్పు కదా? కొవ్వాడ మాట వింటేనే మాకు గుబులు. ఉద్యోగాలైనా ఉంటాయా? ఇంజినీరింగ్‌లో వేసేయమంటారా?

జవాబు: అయ్యా, ముందు మీ గుబులు సంగతి. కొవ్వాడలో కట్టాలనుకున్నది అణు విద్యుత్ కేంద్రం, దానికి కావలసింది యురేనియం. మీ పాప చెబుతున్న కార్బన్ డేటింగ్ వేరు. పాత బొగ్గు లాంటి వాటిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక రకం కార్బన్ ఎంత మిగిలిందో కొలిచి వయసు కట్టడమే అది. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. కార్బన్-14 ఆకాశంలో బాగా ఎత్తున, కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన న్యూట్రాన్లు నైట్రోజన్‌ని తాకినప్పుడు తయారవుతుంది. గాలిలో కలిసి మొక్కల్లోకి, అక్కడి నుంచి మన కంచంలోకి వస్తుంది. 70 కిలోల మనిషి ఒంట్లో సెకనుకు సుమారు 3000 కార్బన్-14 పరమాణువులు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. మీలో, నాలో కూడా. అది వదిలే బీటా కణం, అంటే వేగంగా పోయే ఎలక్ట్రాన్, గాలిలో జానెడు దూరం పోయేసరికి ఆగిపోతుంది. పైగా తవ్వకాల్లో దొరికిన బొగ్గులో ఉండేది పచ్చని చెట్టులో ఉన్నదానికన్నా తక్కువే. ఆ ల్యాబ్‌లో జాగ్రత్తపడాల్సింది ఎక్కువగా యాసిడ్లతో.

ఇక అసలు ప్రశ్న, పాపకు ఇది సరిపడుతుందా అన్నది. ఇంట్లోనే ఓ పని చేయించండి. అష్టాచెమ్మాకి అరగదీసినట్టు వంద చింతపిక్కల్ని ఒక వైపు తెల్లగా అరగదీసి, చాప మీద విసరమనండి. తెల్లగా పడ్డవి తీసేసి, మిగిలినవి మళ్లీ విసరాలి. ప్రతి విసురుకీ సుమారు సగం పోతాయి. ఏ పిక్క పోతుందో ఎవరూ చెప్పలేరు, ఎన్ని పోతాయో మాత్రం దాదాపుగా చెప్పవచ్చు. కార్బన్-14 తీరు ఇదే. ఒక్కో విసురుకీ 5730 ఏళ్లు పడుతుంది, అంతే తేడా. పోయిన ప్రతి పరమాణువూ తిరిగి నైట్రోజన్ అయిపోతుంది. చెట్టు నరికిన రోజు నుంచి కొత్త కార్బన్ చేరదు, లెక్క మొదలవుతుంది. రెండు వేల ఏళ్ల నాటి బొగ్గులో నూటికి 78 పాళ్లు ఇంకా మిగిలే ఉంటుంది. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. శాలిహుండం ఇటుకకీ రాతికీ ఈ పద్ధతి పనికిరాదు. బొగ్గు, గింజ, ఎముక లాంటివి కావాలి.

ఆ విసుర్లన్నీ నోట్సులో రాసుకుని, గ్రాఫ్ గీసి, కెమిస్ట్రీలో ఫస్ట్ ఆర్డర్ చర్యల పాఠంతో తనే పోల్చి చూసుకుంటే పాపకు నిజంగా ఆసక్తి ఉన్నట్టు. ఎందుకంటే అసలు పని ఓపికతో కూడుకున్నది. బొగ్గులో ఇరుక్కున్న సన్నని మొక్కల వేర్లను పట్టకారుతో ఒక్కొక్కటే ఏరాలి, యాసిడ్‌తో, క్షారంతో, మళ్లీ యాసిడ్‌తో కడగాలి, కాల్చి గ్యాస్ చేసి, దాన్ని గ్రాఫైట్‌గా మార్చాలి. ఒక్క కొత్త వేరు మిగిలిపోయినా వయసు తప్పు వస్తుంది.

దాచకుండా చెబుతాను, ఈ పని ఒక్కటే చేసే ఉద్యోగాలు మన దేశంలో చాలా తక్కువ. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ లాంటి కొన్నిచోట్లే జరుగుతుంది. అందుకే దీన్ని డిగ్రీ పేరుగా వెతకొద్దు. ఫిజిక్స్ గానీ కెమిస్ట్రీ గానీ గట్టిగా చదివి, తర్వాత ఇటు తిరగాలి. పరమాణువుల్ని, అణువుల్ని బరువును బట్టి వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ మీద చేయి తిరిగితే ఫార్మా ల్యాబుల్లోనూ పని దొరుకుతుంది. ఫార్మా కంపెనీలున్న పైడిభీమవరం మీ మండలంలోదేగా!

సైన్స్ చదువులకు ప్రవేశ పరీక్ష అయిన నెస్ట్ ఈ ఏడాది రాయించండి, ఐఐఎస్ఈఆర్లనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థల పరీక్ష కూడా. ఈఏపీసెట్ మానొద్దు, అది రాసినంత మాత్రాన ఇంజినీరింగ్‌లోనే చేరాలని లేదు. ఏదీ రాకపోతే దగ్గర్లోనే బీఎస్సీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్లే దారి ఉంది. దానికి టెన్షన్ పడనక్కర్లేదు.

నెస్ట్‌తో సీటిచ్చే సైన్స్ సంస్థ నైసర్, భువనేశ్వర్ పక్కన జట్నీలో ఉంది. ఆమదాలవలసలో రైలెక్కితే ఖుర్దారోడ్డులో దిగొచ్చు. అప్లికేషన్ పెట్టేముందు ఆ సంస్థ సైట్లో ఫీజులు, స్కాలర్‌షిప్పుల వివరాలు మీరూ పాపా కలిసి కూర్చుని చదవండి.