మిర్చి కట్టెతోని బొమ్మ చెట్లు

బిడ్డా, ఆశీస్సులు.

వార్‌గేమ్, అంటే బొమ్మ సైనికులతోని ఆడే యుద్ధం ఆట, దాని బల్లకు చెట్లు చేయాలనుకుంటున్నట్టు రాసినవు. నీ సైనికులు 28 మిల్లీమీటర్ల ఎత్తోళ్లు కాబట్టి ఒక్క లెక్క మనసుల పెట్టుకో: బల్ల మీద సెంటీమీటరంటే అసలుకు దగ్గరదగ్గర 55 సెంటీమీటర్లు. వేపరెమ్మ ఎండబెట్టి గుచ్చినవంటే ఒక్కో ఆకు సైనికుని కంటె పొడుగైతది. అందుకే ఆకుల సంగతి తర్వాత, ముందుగాల కొమ్మలు చూడు.

కొమ్మలకు మన దిక్కు మిర్చి కట్టెను మించింది లేదు. ఆ మొక్క రెండుగ చీలుకుంట, సన్నబడుకుంట పోతది. పెద్ద మాను ఆకారం దానికదే వస్తది. ఆఖరు కాయ ఏరినంక రైతు కట్టె పీకి కుప్ప పోస్తడు, కాలవెట్టకముందే అడిగి తెచ్చుకో. మందులు కొట్టిన చేను కాబట్టి సబ్బునీళ్లతోని కడిగినంకనే పని మొదలువెట్టు, కండ్లు రుద్దుకోకు.

15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తుకు కోసి, వారం నీడకు, రెండు రోజులు ఎండకు పెట్టు. పచ్చిగున్నప్పుడు రంగేస్తే బెరడు ముడుచుకొని రంగు పెచ్చులూడుతది, వానకాలం బూజు పడతది. కట్టె అడుగున సన్న పొడి రాలితే లోపల పురుగున్నట్టు. ప్లాస్టిక్ కవర్ల గట్టిగ కట్టి పదిహేను రోజులు ఫ్రీజర్ల పెట్టు. బయటికి తీసినంక కవరు వెంటనే ఇప్పకు, చల్లదనం పోకముందు ఇప్పితే చెమ్మ పడతది.

మాను రంగు గోధుమ అనుకుంటరు చాన మంది. బయటికి పోయి ఒక చింతచెట్టు చూడు, బూడిద రంగే ఎక్కువ.

ఆకులకు ఎండిన బీరపీచు తీసుకో. అవతలి దిక్కు కనపడేటంత పలుచగ వేళ్లతోని పీకి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు కొమ్మల కొసలకు ఫెవికాల్‌తోని అంటించు. కొమ్మలన్నీ కప్పకు, నడుమ సందులుండాలె. దాని మీద చల్లేది వడ్లాయన (వడ్రంగి) దుకాణంల దొరికే రంపపు పొట్టు. చాయ్ జాలితోని జల్లించి, కప్పు పొట్టుకు రెండు చెంచాల ఆక్రిలిక్ రంగు, మూడు చెంచాల నీళ్లు కలిపి పేపర్ మీద ఆరబెట్టు. ముదురు పచ్చ, లేత పచ్చ, కొంచెం పసుపు కలిసినది వేర్వేరుగ చేయి; ఒక్క రంగే వాడితే చెట్టు స్పాంజి ముక్కలెక్క కనపడతది.

ఫెవికాల్, నీళ్లు సమానంగ కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి స్ప్రే కొట్టి పొట్టు చల్లు. ఆ చుక్క లేకపోతే జిగురు పీచుల ఇంకదు, ముత్యాలై జారిపోతది. రాత్రంత ఆరినంక ఒక పాలు ఫెవికాల్, మూడు పాళ్ల నీళ్లతోని ఇంకోసారి కొట్టు. చిక్కగ కొడితే తెల్ల పొర మిగులుతది.

టేకు కావాలంటే పొట్టు వద్దు, ఎండిన తులసి వెన్నులు దూయి. ఆ చిన్న పొట్లు నాలుగు మిల్లీమీటర్లుంటయి, లెక్కకు జానెడు ఆకు. గింజలు దులిపినంకనే వాడు, తడి తగిలితే జిగటగైతయి.

తాటిచెట్లు లేకుంటే మన ఊరనిపించదు. పత్తి కట్టెల సక్కటి ముక్క, 22 సెంటీమీటర్లు, అది మాను. మట్టలకు మక్క పొత్తు పొట్టు. దాని ఈనెలు సమానంగ పారుతయి కాబట్టి విసనకర్రలెక్క కత్తిరిస్తే అంచు తాటాకు తీరుగనే చీలుతది. గోరువెచ్చని నీళ్లల్ల పది నిమిషాలు నానబెట్టు, లేకుంటే మడతకాడ పగులుతది. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పుతోని పదహారు నుంచి ఇరవై ఆకులు చాలు. సన్న తీగ కాడలు పెట్టి మొదల్ల కింది వరుస, తర్వాత పై వరుస అంటించు. రెండు మూడు ఎండు మట్టలు కిందికి వేలాడాలె.

గడ్డికి వరిగడ్డి లావైతది. కొబ్బరిపీచు దారంతోని కట్టి, ఒక కొస జిగురుల ముంచి ఆరబెట్టి, సెంటీమీటరుకు కోస్తే సైనికుని మోకాళ్లు దాటి గుబురొస్తది.

మానుకు కింద సన్న రంధ్రం చేసి గుండుసూది దిగ్గొట్టు, ఆ సూది గుచ్చి చెట్టును నిలవెట్టే అట్ట బిళ్ల కింద ఇనుప వాషర్ అంటించు. పై బరువుకు తాడిచెట్టే ముందు పడతది, దానికి రెండు వాషర్లు పెట్టు. చెట్టును బిళ్లకు అంటించకు. ఆటల సైనికులు చెట్ల తోపులకు పోయినప్పుడు మాను ఎత్తి పక్కకు పెడితే వాళ్లకు నిలవడ జాగ దొరుకుతది.