జీతం రాని సైన్యం గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద నువ్వు పంపిన నవల చిత్తుప్రతి చదివాను. యుద్ధాలు బాగా రాశావు. కానీ ఆ సైనికులకు జీతం ఎవరిస్తున్నారు, ఎక్కణ్ణించి తెచ్చి ఇస్తున్నారు అన్నది ఎక్కడా రాలేదు, నాకేమో అసలు కథంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ముందు ఖజానా సంగతి చెప్పు. అప్పటి అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం లేదు. సైన్యాన్ని పెట్టుకోవచ్చు గానీ డబ్బు కోసం పదమూడు రాష్ట్రాల ముందూ చెయ్యి చాచాలి. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేద్దామని 1781లో అడిగితే, అందరూ ఒప్పుకుంటేనే చెల్లుతుంది కాబట్టి, మరుసటి ఏడాది రోడ్ ఐలాండ్ అడ్డం తిరగ్గానే అది మూలన పడింది. అచ్చేసిన కాగితం డాలర్లకు అప్పటికే విలువ పోయింది.

1781 జనవరి 1 రాత్రి మోరిస్‌టౌన్‌లో పెన్సిల్వేనియా దళం తిరగబడ్డ ఘట్టం దగ్గర మాత్రం తొందరపడకు. నెలల తరబడి జీతం లేదు, సరైన బట్టల్లేవు, పైగా మూడేళ్లకని చేరినవాళ్లను యుద్ధం ముగిసేదాకా కదలడానికి వీల్లేదన్నారు. దాదాపు పదిహేను వందల మంది కాంగ్రెస్ ఉన్న ఫిలడెల్ఫియా దారి పట్టారు. ఇదే అదనని బ్రిటిష్ సేనాని క్లింటన్, మావైపు వస్తే మీ బకాయిలు మేం తీరుస్తామని ఇద్దరు మనుషుల్ని పంపాడు. చేతిలో చిల్లిగవ్వ లేని ఆ సైనికులే ఆ ఇద్దర్నీ పట్టి అప్పగించారు, వాళ్లను ఉరితీశారు. అలాంటివాళ్లను నువ్వు ద్రోహులుగా చూపించావు, చదువుతుంటే బాధేసింది. ఆ ప్రకరణం తిరగరాయి.

1783 మార్చిలో న్యూబర్గ్‌లో, జీతాల కోసం మండిపడుతున్న ఆఫీసర్ల ముందు సేనాని వాషింగ్టన్ కళ్లద్దాలు తీసి పెట్టుకున్న దృశ్యం అందరూ రాసేదే, క్లుప్తంగా కానిచ్చెయ్. అది ఆఫీసర్ల గొడవ, వాళ్లకు ఐదేళ్ల పూర్తి జీతం ఇస్తామని కాంగ్రెస్ వారం తిరిగేసరికి ఒప్పుకుంది. మామూలు సిపాయిలనేమో జూన్‌లో సెలవు పేరు చెప్పి పంపేశారు. ఇస్తామన్న మూడు నెలల జీతం నోట్లు సమయానికి అందక చాలామంది ఖాళీ చేతులతోనే ఇంటికి నడిచారు.

తర్వాత సైన్యం జీతాల లెక్కలు చూసే పేమాస్టర్ జనరల్ జాన్ పియర్స్ ఒక్కొక్కరి లెక్కా తేల్చి బకాయిలకు ధ్రువపత్రాలు ఇచ్చాడు, మన ప్రోనోటు లాంటివే. నెలకు ఆరు డాలర్ల చిల్లర జీతగాడు, ఇంటి దగ్గర అప్పులు, పొలం పని, ఎన్నాళ్లు దాచుకుంటాడు? చాలామంది వాటిని అయినకాడికి అమ్మేశారు. 1790లో ఖజానా మంత్రి హామిల్టన్ పూర్తి విలువ చెల్లిద్దామన్నాడు, అదీ కాగితం ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు. మొదట సంపాదించుకున్న సైనికుడికీ వాటా ఉండాలని కాంగ్రెస్ సభ్యుడు మాడిసన్ పట్టుబట్టినా ఆ ప్రతిపాదన 36–13 ఓట్లతో వీగిపోయింది. హామిల్టన్ వాదన కొట్టిపారెయ్యకు, చేతులు మారితే చెల్లని కాగితమైతే ఆ కొత్త ప్రభుత్వానికి రేపు అప్పెవరిస్తారు? అయినా నా మనసు మాడిసన్ వైపే.

అలా నడిచి వెళ్లినవాళ్లలో ఒకణ్ణి తీసుకో. మస్టర్‌లో, అంటే సైన్యం హాజరు పట్టీలో, అతని పేరు ఎక్కిన రోజు నుంచి ఆ ధ్రువపత్రం అమ్ముకున్న రోజు దాకా రాసి పంపు, చదివి చెప్తాను.

అన్నయ్య