వీగన్ వంట నేర్చుకోండి, పాలు మానే ముందు బి12 పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: నా వయసు 47 సంవత్సరాలు, ఉండేది హనుమకొండలో. ఆరేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, థైరాయిడ్‌కు లివోథైరాక్సిన్ మాత్రలు వాడుతున్నాను. వచ్చే ఆదివారం మా బిడ్డతో కలిసి వీగన్ (పాలు, గుడ్లు సహా జంతువుల నుంచి వచ్చేవేవీ వాడని) వంటల శిక్షణకు వెళుతున్నాను. ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి వరకు సోయాపాలు, టోఫు (సోయాపాలను విరిచి చేసే పన్నీరు), బాదంపాలు, జీడిపప్పు చీజ్, ఖర్జూరం మిఠాయిలు మా చేతులతోనే చేయిస్తారట. మాంసం మానేసి చాలా కాలమైంది. శిక్షణ తర్వాత పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు కూడా పూర్తిగా మానేద్దామనుకుంటున్నాను. కొన్ని నెలలుగా అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయి. నాలాంటి వారు వీగన్ ఆహారానికి మారవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

డాక్టర్ సలహా: శిక్షణకు నిరభ్యంతరంగా వెళ్లండి. వీగన్ ఆహారానికి మారడం కూడా మీకు నిషిద్ధమేమీ కాదు. అయితే మీరు చివర్లో ప్రస్తావించిన తిమ్మిర్ల సంగతి తేలేవరకు పాలు, పెరుగు, గుడ్లు మానకండి.

అరికాళ్ల తిమ్మిర్లకు షుగరే కారణమని చాలామంది సరిపెట్టుకుంటారు. అది నిజమే కావచ్చు. కానీ మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో ఆహారంలోని బి12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గవచ్చు, ఆ లోపం వల్ల కూడా నరాలు దెబ్బతిని అచ్చం ఇలాంటి తిమ్మిర్లే వస్తాయి. మాంసం మానేసిన మీకు ఇప్పుడు బి12 అందుతున్నది పాలు, పెరుగు, గుడ్ల నుంచే కాబట్టి, వాటినీ వదిలేస్తే ఆహారం నుంచి వచ్చే దారి దాదాపు మూసుకుపోతుంది. ఇడ్లీ పిండి పులియడం వల్ల, చద్దన్నం తినడం వల్ల, స్పిరులినా అనే నాచు పొడి వల్ల సరిపడా బి12 వస్తుందని ప్రచారంలో ఉన్న మాటలను నమ్మకండి. స్పిరులినాలో ఉండేది చాలావరకు మన శరీరానికి ఉపయోగపడని రూపం.

ఇందులో మరో చిక్కు ఉంది. పప్పులు, ఆకుకూరలు బాగా తినేవారికి ఫోలేట్ అనే మరో బి విటమిన్ పుష్కలంగా అందుతుంది, దానివల్ల బి12 తగ్గినా రక్తహీనత బయటపడకపోవచ్చు. హిమోగ్లోబిన్ బాగుందన్న ధీమాలో ఉండగానే నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అందువల్ల రక్తపరీక్షతో పాటు బి12 స్థాయిని విడిగా చూపించుకోండి. అది మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపమనే భావించాలి, 200 నుంచి 300 మధ్య ఉంటే లక్షణాలను బట్టి మీ వైద్యులు నిర్ణయిస్తారు. ఫలితం బాగున్నా సరే, వీగన్‌గా మారాక బి12 మాత్ర జీవితాంతం కొనసాగించవలసిందే. ఈ ఒక్క విషయంలో ఎంత మంచి వంట అయినా మాత్రకు ప్రత్యామ్నాయం కాదు.

ఇక మీరు నేర్చుకోబోయే వంటకాల సంగతి. బాదంపాలు చూడటానికి పాలలాగే ఉన్నా, పది బాదం పప్పుల్లో ఉండే మాంసకృత్తులు రెండున్నర గ్రాములకు మించవు, వడకట్టినప్పుడు అందులోనూ కొంత పోతుంది. గ్లాసు ఆవుపాలలో ఆరేడు గ్రాముల మాంసకృత్తులు, సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. మాంసకృత్తుల వరకు ఆ లోటు తీర్చగలిగేవి చిక్కటి సోయాపాలే, కాల్షియం మాత్రం ఇంట్లో తీసిన సోయాపాలలోనూ తక్కువే. టోఫులో కాల్షియం ఎంత ఉంటుందన్నది పాలను దేనితో విరిచారన్న దానిపై ఆధారపడుతుంది. కాల్షియం సల్ఫేట్‌తో విరిస్తే బాగా ఉంటుంది, నిమ్మరసంతో విరిస్తే అంతగా ఉండదు. శిక్షకులను ఈ మాట తప్పక అడగండి. సోయాపాలు కాచేటప్పుడు నురగ చాలా ముందుగానే పొంగుతుంది, దాన్ని చూసి మరిగాయనుకుని దించేయకూడదు. మంట తగ్గించి కనీసం పది నిమిషాలు మరగనిస్తేనే పచ్చి సోయాలో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు నశిస్తాయి. వడకట్టగా మిగిలిన పిప్పిని పారేయకుండా జొన్నరొట్టె పిండిలో కలుపుకోండి.

జీడిపప్పు చీజ్, ఖర్జూరం మిఠాయి రుచి చూడండి గాని అలవాటు చేసుకోకండి. వీగన్ అన్నంత మాత్రాన ఖర్జూరం, బెల్లం షుగర్‌ను పెంచకుండా ఉండవు. నిజానికి మన వరంగల్ ఇళ్లలో ఈ ఆహారం కొత్తదేమీ కాదు. సర్వపిండి, పచ్చిపులుసు, బొబ్బర్ల కూర, గంగవాయిలికూర పప్పు నెయ్యి తాలింపు లేకుండా చేస్తే వీగన్ వంటలే, సద్దుల బతుకమ్మ నాటి సద్దుల్లో పెరుగు సద్ది ఒక్కటి పక్కన పెడితే నువ్వుల సద్ది, పల్లీల సద్ది ఈ లెక్కలోకే వస్తాయి. నువ్వుల పొడి, రాగి పిండి కాల్షియానికి, పప్పులు, ఉలవలు, సోయా మాంసకృత్తులకు ఆధారం చేసుకోండి. మీ బరువు 60 కిలోలనుకుంటే రోజుకు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అందులో సగమైనా పప్పులు, సోయా నుంచి రావాలి తప్ప అన్నం పెంచుకుంటూ పోకూడదు.

లివోథైరాక్సిన్ మాత్రను పరగడుపునే వేసుకుని, సోయా పదార్థాలను, కాల్షియం, ఐరన్ మాత్రలను దానికి నాలుగు గంటల ఎడంగా తీసుకోండి, సోయా ఆ మందు ఒంటికి పట్టకుండా చేస్తుంది. సోయా వాడకం రోజువారీ అయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. కొందరు మాత్రల్లో పాలచక్కెర ఉందనో, గొట్టం మందుల (క్యాప్సూళ్ల) పైపొర జంతువుల నుంచి తీసిందనో మందులే మానేస్తున్నారు. అలా చేయకండి, వేరే తయారీ దొరుకుతుందేమో వైద్యులను అడగండి.

శిక్షణ రోజున మరో జాగ్రత్త అవసరం. గ్లిమెపిరైడ్ వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, రుచి చూసే చెంచాడు ముద్దలు భోజనం కింద లెక్కకు రావు. ఉదయం టిఫిన్ తప్పనిసరిగా తిని వెళ్లండి, గ్లూకోజ్ పొడి వెంట ఉంచుకోండి, వణుకు, చెమటలు, కళ్లు తిరగడం వంటివి ఉంటే పని ఆపి వెంటనే తీసుకోండి. పల్లీలు, జీడిపప్పు, సోయా పడని వారెవరైనా మీ ఇంట్లో ఉంటే శిక్షకులకు ముందుగానే చెప్పండి. చేతివేళ్లలో కూడా స్పర్శ తగ్గినట్టు అనిపిస్తే వేడి గిన్నెలు దించే పని మీ బిడ్డకే వదిలేయండి.

ఆహారం మారాక షుగర్ తగ్గితే మాత్రల మోతాదు తగ్గించవలసి రావచ్చు, కానీ ఆ నిర్ణయం మీ వైద్యులదే. తిమ్మిర్లు మోకాళ్ల వరకు పాకినా, చీకట్లో నడుస్తుంటే తూలుతున్నట్టనిపించినా, మతిమరుపు పెరిగినా ఆదివారం దాకా ఆగకుండా వెంటనే వైద్యులను కలవండి.