తెర ముందు వాయిద్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేము ముగ్గురం ప్రయోగాత్మక సంగీతం వాయిస్తుంటాం. ఒకరిది వయొలిన్, ఒకరిది సింథసైజర్. నేను ఇనుప రేకులకు కాంటాక్ట్ మైకులు (అంటించిన వస్తువు కంపనాన్ని పట్టుకునే మైకులు) అంటించి వాటి ధ్వనులను వినిపిస్తాను. మాటలు లేని 50 నిమిషాల సినిమా తెరమీద నడుస్తుండగా ప్రత్యక్షంగా వాయించమని మమ్మల్ని అడిగారు. పొగమంచు, ఖాళీ గదులు, నీటి మీద కదిలే వెలుతురు తప్ప అందులో కథంటూ లేదు. సంగీతాన్ని ముందే రాసుకోవాలా, బొమ్మను చూస్తూ అప్పటికప్పుడు వాయించాలా? రిహార్సల్‌లో ఇరవై నిమిషాలు దాటేసరికి ముగ్గురమూ ఆగకుండా వాయిస్తూనే ఉంటున్నాం.

జవాబు: అసలు చిక్కు మీ చివరి వాక్యంలోనే ఉంది. స్వరాలు రాసుకోవాలా వద్దా అన్నది తరువాతి సంగతి. ఎవరు ఎప్పుడు వాయించకూడదో ముందుగా రాసుకోవాలి. కథ లేని సినిమాలో ప్రేక్షకుడికి ఆధారం దొరకదేమోనన్న భయంతో వాద్యకారులు ప్రతి ఖాళీనీ నాదంతో నింపేస్తారు, అప్పుడు ఆ పొగమంచు కాస్తా మీ కచేరీకి వెనక కట్టిన గుడ్డగా మారిపోతుంది.

వాద్యాలను పక్కన పెట్టి, గడియారం చేతబట్టి, సినిమాను రెండుసార్లు చూడండి. వెలుతురు మారిన చోటు, కెమెరా కదలడం మొదలైన చోటు, ఒక షాట్ మీరు అనుకున్నదానికంటే ఎక్కువసేపు నిలిచిన చోటు నిమిషాలతో, సెకన్లతో గుర్తించుకోండి. వాటిలో ఐదారింటిని ముగ్గురూ కలిసి తప్పక మారవలసిన మలుపులుగా నిర్ణయించుకొని, మిగిలిన కాలాన్ని మనోధర్మానికి వదలండి. ఆలాపనకు రాగం గీసే హద్దును ఇక్కడ కాలం గీస్తుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఫ్రెంచ్ దర్శకుడు రెనే క్లేర్ తీసిన ‘ఆంత్రాక్త్’ అనే లఘుచిత్రానికి 1924లో ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సాటీ సంగీతం కూర్చినప్పుడు, అవసరమైనన్నిసార్లు తిప్పి వాయించడానికి వీలైన చిన్న చిన్న సంగీత ఖండికలను వరుసగా పేర్చాడు. బొమ్మ ఆలస్యమైతే ఒక ఖండిక ఇంకొక్కసారి తిరుగుతుంది, అంతే.

షాట్ మారిన ప్రతిచోటా రేకు మోగించకండి. తెరమీద తలుపు మూసుకోగానే రేకు మీద దెబ్బ పడితే ఎంత గంభీరమైన దృశ్యమైనా నవ్వు పుట్టిస్తుంది. నిలకడగా సాగే నాదం ఒక షాట్ నుంచి మరో షాట్‌లోకి ప్రవహిస్తే రెండు చోట్లూ ఒకటే అనిపిస్తాయి. అదే నాదం సరిగ్గా షాట్ మారే క్షణంలో తెగితే ఆ మార్పు ఒళ్ళు జలదరించేలా తెలుస్తుంది. అలా తెంచడం 50 నిమిషాల్లో ఒక్కసారి చాలునని నా అభిప్రాయం.

కాంటాక్ట్ మైకుల్లో కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పియెజో బిళ్ళలను నేరుగా మిక్సర్‌కు కలిపితే మంద్రస్థాయి పోయి ధ్వని పలచబడుతుంది. కనీసం 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సంకేతం లోపలికి వచ్చే చోట ఉండే విద్యుత్ అవరోధం) ఉన్న ప్రీయాంప్‌ను, అంటే బలహీన సంకేతాన్ని పెంచే పరికరాన్ని, మధ్యలో పెట్టండి. మీ దీపాల వెలుగు తెరమీద పడకుండా పక్కకు కూర్చొని, సినిమా మీకు కనిపించేలా చిన్న మానిటర్‌ను మోకాళ్ళ ఎత్తులో ఉంచుకోండి.

ప్రశ్న: ఒక పాత మూకీ చిత్రానికి గంట నిడివి గల ప్రతితో సాధన చేశాం. ప్రదర్శన రోజున అదే చిత్రం 45 నిమిషాలకే అయిపోయింది, మా చివరి భాగం చీకట్లో మిగిలిపోయింది. ఏదైనా దృశ్యం కత్తిరించి ఉంటారా?

జవాబు: కత్తిరించి ఉండకపోవచ్చు. మూకీల కాలంలో ఫిల్మ్ నడిచే వేగం స్థిరంగా ఉండేది కాదు. సెకనుకు 24 ఫ్రేముల లెక్క ధ్వనిచిత్రాలతోనే స్థిరపడింది. 18 ఫ్రేముల వేగంతో 60 నిమిషాలు నడిచే రీళ్ళు 24 ఫ్రేముల వేగంతో సరిగ్గా 45 నిమిషాల్లో ముగుస్తాయి. ప్రదర్శించబోయే ప్రతినే ముందుగా తెప్పించుకొని, దానితోనే సాధన చేయండి.